నల్లగొండలో బ్యాలెన్స్ టెస్ట్: మా నాయినను ప్లేటు ఎక్కించాక తెలిసిన సంగతి

800 రూపాయలు పెట్టి నిలబడే పరీక్ష చేయించుడేంది అని మా ఇంట్లో అందరూ అన్నారు. మనిషి నిలబడుతున్నాడా లేదా అన్నది కంటికి కనిపిస్తూనే ఉంది కదా, దానికి మళ్ళీ మిషన్ ఎందుకు అని. ఇప్పటికి రెండుసార్లు చేయించాం, మధ్యలో ఆరు వారాలు ఎక్సర్‌సైజులు చేయించాం, చుట్టాల్లో నలుగురైదుగురు ఫోన్ చేసి వివరాలు అడిగారు, కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నా. ఈ టెస్ట్ చేసేది నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఉన్న ఒక ఫిజియోథెరపీ సెంటర్, పాదాల కింద బరువు కొలిచే ప్లేటు మీద నిలబెట్టి చూస్తారు. పేరు రాయట్లేదు. మెచ్చుకున్నవీ ఉన్నాయి, గట్టిగా తప్పు పట్టినవీ ఉన్నాయి, చిన్న సెంటర్ నడుపుకునేవాళ్ళ పొట్ట మీద నా ఒక్కదాని మాటతో దెబ్బ పడొద్దు. మీ ఊళ్ళో ఇలాంటి టెస్ట్ ఎక్కడ దొరికినా ఏం చూడాలి, ఏం అడగాలి అన్నది తెలిస్తే చాలు.

మా నాయిన గీత కార్మికుడు. కట్టంగూర్ దగ్గర మా ఊరు. 30 ఏళ్ళకు పైగా తాటిచెట్లు ఎక్కిన మనిషి. పోయినేడాది ఎండాకాలంలో చెట్టు మీద నుంచి పడ్డాడు, ఎడమ తొడ ఎముక తుంటికి కొంచెం కింద విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ప్రాణం దక్కింది, అదే పెద్దది అనుకున్నాం. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో చివరిసారి చూపించినప్పుడు ఎక్స్‌రే చూసి "ఎముక మంచిగ అతికింది, ఇంక నడవొచ్చు" అని పంపేశారు. ఎలా నడవాలి, ఏ కండ బలహీనపడింది, ఎన్నాళ్ళు ఏం చేయాలి, ఒక్క ముక్క చెప్పలేదు. మేమూ అడగలేదు, అడగాలని తెలియదు. ఏడాది దాటాక చూస్తే రోడ్డు మీద బాగానే నడుస్తాడు, కర్ర కూడా లేదు, కానీ పొలం ఒడ్డు మీద నడవలేడు, బాత్‌రూమ్‌లో వెనక్కి తిరిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు, రెండుసార్లు పడ్డాడు. రెండుసార్లూ ఎడమ పక్కకే. రెండోసారి కొట్టం దగ్గర పడ్డప్పుడు అదే తుంటి మీద పడ్డాడు, మళ్ళీ విరిగిందేమోనని ఎక్స్‌రే తీయించేదాకా మా అమ్మ అన్నం ముట్టలేదు.

ముందుకు పడితే చేతులు ఆన్చుకుంటాం, మోకాళ్ళు కొట్టుకుపోతాయి. పక్కకు పడితే బరువంతా నేరుగా తుంటి మీదే పడుతుంది. పెద్ద వయసు వాళ్ళలో తుంటి ఎముక విరగడం ఎక్కువగా పక్కకు పడ్డప్పుడే జరుగుతుందని ఫిజియో మేడం చెప్పింది. కాబట్టి ముందుకీ వెనక్కీ ఊగడం కంటే పక్కలకు బరువు ఎలా మారుతుందో చూడటం ముఖ్యం అని.

టెస్ట్‌కి పోయే ముందు ఇంట్లో మీరే చేసుకోగలిగిన ఒక చిన్న పరీక్ష చెప్తా, దీనికి పైసా ఖర్చు లేదు. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, 3 మీటర్ల దూరంలో నేల మీద గీత గీసి, లేచి గీత దాకా మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనాలి, ఫోన్‌లో టైం చూడాలి. పెద్దవాళ్ళలో 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. మా నాయినకి 17 సెకన్లు పట్టింది, అందులో ఎక్కువ భాగం ఆ గీత దగ్గర తిరగడానికే పోయింది. ఇది చేశాకే నేను ఇంట్లో వాళ్ళ మాట పక్కన పెట్టి సెంటర్‌కి ఫోన్ చేశాను.

సెంటర్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. 19 మెట్లు, రెయిలింగ్ ఒక్క పక్కనే. నిలకడ లేనివాళ్ళ కోసం పెట్టిన చోటికి వాళ్ళు మెట్లెక్కి రావాలంటే ఎలా? మేము పోయిన రోజే పక్షవాతం వచ్చిన ఒక పెద్దమ్మను ఇద్దరు కొడుకులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు, చూస్తుంటే నాకు కోపం ఆగలేదు, అక్కడే అడిగేశాను. కింద గదుల అద్దె మోయలేమమ్మా అన్నారు. అది నిజమే కావచ్చు, కానీ రెండో పక్కన ఒక పైపు బిగించడానికి అద్దె అడ్డం రాదు కదా. రెండోసారి పోయేసరికి కూడా బిగించలేదు. ఈ ఒక్క విషయంలో నేను వాళ్ళని క్షమించను.

లోపల మాత్రం మర్యాదగా చూశారు. కూర్చున్న పది మందిలో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వెన్నెముక బిగుసుకుపోయిన మనిషి, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వస్తోంది. మనం తూలినప్పుడు నడుము దగ్గర వంగి సర్దుకుంటాం, ఆయనకి ఆ వంగడమే లేదు, అంతా చీలమండల మీదే ఆధారపడాలి. మన జిల్లాలో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో మనందరికీ తెలుసు, వాళ్ళ నిలకడ గురించి మాట్లాడిన డాక్టర్‌ని మాత్రం నేను ఇదివరకు చూడలేదు.

ఇక ప్లేటు. పేరు ఫోర్స్ ప్లేట్. చూడటానికి ఏమీ ఉండదు, కూర్చునే పీటంత ఎత్తులో నల్లటి చదరపు పలక, దాని నుంచి ఒక వైరు కంప్యూటర్‌కి. నాలుగు మూలల కింద బరువు పట్టే సెన్సార్లు ఉంటాయి. నులక మంచాన్ని నలుగురు నాలుగు కోళ్ళ దగ్గర పట్టుకొని ఎత్తారనుకోండి, ఎవరి చేతికి ఎంత బరువు తగులుతుందో చెప్తే చాలు, మంచం మీద మనిషి ఏ వైపు జరిగి పడుకున్నాడో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. అదే లెక్క. మన పాదాల కింద ఒత్తిడి మొత్తం ఏ బిందువు దగ్గర పడుతోందో కంప్యూటర్ లెక్కగట్టి స్క్రీన్ మీద ఒక చుక్కగా చూపిస్తుంది. మనం కదలకుండా నిలబడ్డాం అనుకున్నప్పుడు కూడా ఆ చుక్క ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. ఆ చుక్కా, మన ఒంటి బరువుకి మధ్య బిందువూ ఒకటి కాదు, ఇది మేడం రెండుసార్లు చెప్పాకే నాకు ఎక్కింది. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట ఆడతాం కదా, కర్ర కుడికి ఒరిగితే అరచేతిని దానికంటే ముందు కుడికి ఉరికిస్తాం, అప్పుడు కర్ర వెనక్కి లేస్తుంది. ఒళ్ళు కర్ర అయితే పాదాల కింద చుక్క అరచెయ్యి. ఎవరి చుక్క సరైన సమయానికి ఉరుకుతుందో వాళ్ళు పడరు.

మొదట చెప్పులు తీసి 30 సెకన్లు కళ్ళు తెరిచి, 30 సెకన్లు కళ్ళు మూసుకుని నిలబడమన్నారు. కళ్ళు మూసుకోవడం ఎందుకంటే నిలకడకి మూడు ఆధారాలు: కళ్ళు, లోపలి చెవి, పాదాల నుంచి కీళ్ళ నుంచి వచ్చే స్పర్శ. గట్టి నేల మీద ఆరోగ్యంగా ఉన్న మనిషికి సుమారు 70 శాతం పని ఈ మూడోదే చేస్తుందట. ఏ ఆధారం తీసేస్తే ఎంత తూలుతున్నారో చూస్తే లోపం ఎక్కడో తెలుస్తుంది. కళ్ళు మూయించి చూసే పద్ధతిని 19వ శతాబ్దంలోనే రోంబెర్గ్ అనే జర్మన్ డాక్టర్ చెప్పాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. షుగర్ వల్ల అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు పొద్దున ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే తూలడం మీ ఇంట్లో చూసి ఉంటే అది ఇదే, తేలిగ్గా తీసుకోకండి. మా నాయినకి ఈ భాగంలో పెద్ద తేడా రాలేదు. కళ్ళు, చెవి, పాదాలు మంచిగనే ఉన్నాయి.

తేడా ఎక్కడొచ్చిందంటే, ఆయన బరువు 62 కిలోలు, కుడి కాలు మీద 39, ఎడమ కాలు మీద 23. ఆ నంబర్ చూసి నేను ఆశ్చర్యపోలేదు, నన్ను కదిలించింది మా నాయిన మాట. "నేను సక్కగనే నిలబడ్డ గదా బిడ్డా" అన్నాడు. అబద్ధం కాదు, ఆయనకి నిజంగానే అది నిటారు. మేడం మెల్లగా భుజాలు పట్టి చెరి సగం బరువు వచ్చేలా జరిపితే "ఇట్ల ఎడమకు పడిపోతున్నట్టుంది" అని భయపడ్డాడు. ఏడాదిగా కుడి వైపు ఒరిగి ఒరిగి ఆ ఒరిగిందే మధ్య అయిపోయింది. ఏడాదిగా మేము పక్కన నడుస్తూ "సరిగ్గా నిలబడు నాయినా" అంటూనే ఉన్నాం, ఆయన సరిగ్గా నిలబడుతున్నాననే అనుకుంటున్నాడు. ఈ ఒక్క నిమిషం కోసమే 800 ఇవ్వొచ్చు అనిపించింది.

తర్వాత అసలు పరీక్ష. స్క్రీన్ మీద ఎడమ ఒక గీత, కుడి ఒక గీత, వాటి మధ్య పసుపు బిళ్ళ ఒకటి అటూ ఇటూ పోతుంటుంది. పాదాలు ఎత్తకుండా ఒంటి బరువు మార్చుకుంటూ మన చుక్కతో ఆ బిళ్ళని వెంబడించాలి. మొదట ఒక వైపు నుంచి ఇంకో వైపుకి 3 సెకన్లు, తర్వాత 2, తర్వాత 1. కంప్యూటర్ రెండు సంగతులు చూస్తుంది. చుక్క ఎంత వేగంగా పోతోంది అన్నది ఒకటి. పక్కకు పొమ్మన్నప్పుడు నేరుగా పక్కకే పోతోందా లేక ముందుకీ వెనక్కీ తిరుగుతూ పోతోందా అన్నది రెండోది. నెమ్మదిగా ఉన్నప్పుడు మా నాయిన కుడి గీత దాకా బాగా పోయాడు, ఎడమకు వచ్చేసరికి మధ్య దాటి కొంచెం పోయి ఆగిపోయాడు. 1 సెకనుకి వచ్చేసరికి చుక్క గీతల్ని వదిలేసి మధ్యలోనే ముడుచుకుపోయి కోడి గెలికినట్టు తిరిగింది. భుజాలూ చేతులూ మాత్రం బాగా ఊపుతున్నాడు.

ఎందుకలా అంటే, రెండు కాళ్ళ మీద నిలబడి పక్కలకు బరువు మార్చే పని చీలమండలు చేసేది కాదు, తుంటి చేసేది. ఒక కాలు మీద బరువు వదులుతూ రెండో కాలు మీద ఎక్కించడం, అంతా తుంటి పక్కన ఉండే కండల పని. కెనడాలో డేవిడ్ వింటర్ అనే ప్రొఫెసర్ 1990లలో ఈ సంగతి కొలిచి చూపించాడు: ముందుకీ వెనక్కీ చీలమండ, పక్కలకి తుంటి. తొడ ఎముకలో రాడ్ పై నుంచి దింపేటప్పుడు సరిగ్గా ఆ తుంటి పక్క కండ దగ్గర నుంచే దింపుతారు, కాబట్టి ఎముక అతికాక కూడా ఆ కండ చాలామందిలో బలహీనంగా ఉండిపోతుంది. ఆ కండ బలం తెలుసుకోవడానికి మిషన్ కూడా అక్కర్లేదు. ఆ కండ బలహీనంగా ఉంటే, ఆ కాలు ఒక్కదాని మీద నిలబడమన్నప్పుడు రెండో వైపు నడుము కిందికి జారుతుంది. 1895లో ట్రెండలెన్‌బర్గ్ అనే సర్జన్ రాసిన గుర్తు ఇది. అర నిమిషం పని. పోయినేడాది ఆ ఆసుపత్రిలో ఎవరైనా మా నాయినని ఒక్కసారి ఎడమ కాలు మీద నిలబడమని చూసి ఉంటే ఈ ఏడాది ఇలా పోయేది కాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

నన్ను కూడా ప్లేటు ఎక్కమంటే ఎక్కాను, పోల్చి చూడటానికి. కుడి కాలు ఎత్తమన్నారు. నేను బరువు ఎడమకు వేసి కుడి కాలు ఎత్తాను అనుకున్నా. స్క్రీన్ మీద చూస్తే చుక్క ముందు కుడికే పోయింది, రెప్పపాటు, ఆ తర్వాతే ఎడమకు ఉరికింది. ఎత్తబోయే కాలితో నేలని ఒకసారి నొక్కి, ఆ తోపుతో ఒంటిని రెండో వైపుకి పంపిస్తామట. ఇన్నేళ్ళుగా రోజుకి వేల సార్లు చేస్తూ నాకు తెలియని పని. మా నాయినకి కుడి కాలు ఎత్తమంటే ఆ చిన్న తోపు లేదు, ఒంటిని ఎడమకు పంపడమే లేదు, కుడి కాలు ఊడబెరికినట్టు ఎత్తి వెంటనే దించేస్తున్నాడు.

ఇంకో చిన్న సంగతి. 1 సెకను ఆటలో తడబడుతుంటే మేడం ఆయన చూపుడు వేలు పక్కనున్న బల్ల అంచుకి తాకించమంది. ఆనుకోవద్దు, ఊరికే తాకు అంది. చుక్క కుదురుకుంది! 100 గ్రాముల బరువు కూడా పడని తాకుడు, దాంతో ఆసరా ఏమీ దొరకదు, కానీ ఒళ్ళు ఎటు పోతోందో ఆ వేలి కొస చెప్తుందట. బాత్‌రూమ్‌లో గోడ పట్టుకోవడం భయం వల్ల అని మేము ఆయన్ని కోప్పడేవాళ్ళం, ఆయన మాకంటే తెలివిగా తన పని తాను చూసుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. ఇప్పుడు గోడ వద్దని అనడం మానేశాం, రాత్రిపూట మంచం నుంచి బాత్‌రూమ్ దాకా నడిచే దారిలో వస్తువులు తీసేసి గోడ పొడుగునా ఖాళీ ఉంచాం.

ఎక్సర్‌సైజులు చెప్పినప్పుడు మొదటి వారం ఏమీ ముందుకు కదల్లేదు. "కాకా, ఎడమ కాలు మీద బరువు వేయండి" అంటే ఆయన నడుము వంచి ఎడమకు ఒరుగుతాడు తప్ప బరువు వేయడు. మాటలోనే అర్థం కావట్లేదు. నాలుగో రోజు మేడం పని గురించి అడిగింది, చెట్టు ఎలా ఎక్కుతావు కాకా అని. అంతే, మా నాయిన ముఖం మారిపోయింది. మోకు (నడుముకూ చెట్టుకూ కలిపి వేసే తాడు) వెనక్కి ఎట్ల ఆనిస్తారో, గుజి (పాదాలకు వేసే బంధం) కాళ్ళకు ఎందుకు వేస్తారో చెప్తూ, పైన మట్టల్లోకి పోయాక సంగతి చెప్పాడు. "ఆడ ఒక్క కాలు జరపాలంటే రెండో కాలు మీద పాణం పెట్టాలె బిడ్డా. పెట్టిన్నో లేదో కాలుకే తెల్వాలె, సూసి తెల్సుకుందామంటె అయితదా." మేడం వెంటనే "అయితే ఎడమ కాలు మీద పాణం పెట్టు కాకా" అంది. ఆ పూట మొదటిసారి చుక్క ఎడమ గీత దగ్గరికి పోయింది. ఆరు వారాలూ ఇక అదే మాట వాడింది, మేమూ ఇంట్లో అదే వాడాం. ఈ సెంటర్‌కి నేను ఇచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ప్లేటుకి కాదు, ఆ నాలుగో రోజు ఆమె అడిగిన ప్రశ్నకి.

సెషన్‌కి 300. వారానికి మూడు రోజులు. నాకు ఊరు నుంచి తీసుకురావడం కుదరదు కాబట్టి ఆ ఆరు వారాలు నాయిన మా ఇంట్లోనే ఉన్నాడు, పెళ్ళయ్యాక ఇన్ని రోజులు ఆయన నా దగ్గర ఉండటం ఇదే మొదటిసారి. ఇంట్లో రోజూ రెండుసార్లు చేయించాలి: పక్కకు పడుకుని కాలు పైకెత్తడం, వంటింటి గట్టు పట్టుకుని పక్కకు నడవడం, గట్టు ముందు నిలబడి ఫోన్‌లో టిక్ టిక్ యాప్ పెట్టుకుని ఆ తాళానికి బరువు మార్చడం, 3 సెకన్లతో మొదలు. మేము పోయింది ఎముక అతికిందని ఎక్స్‌రేలో తేలాకే, అతకని వాళ్ళు ఇది చదివి మొదలుపెట్టొద్దు.

ఇంట్లో కొలవడానికి ప్రకాశం బజార్‌లో రెండు వెయింగ్ మెషిన్లు కొన్నాం, ఒక్కోటి 900. ఇది చాలామంది అడిగారు కాబట్టి వివరంగా చెప్తా. డిజిటల్ వద్దు. డిజిటల్ మిషన్ బరువు ఒకసారి స్థిరపడగానే ఆ నంబర్ పట్టుకుని కూర్చుంటుంది, మీరు బరువు మారుస్తున్నా అది మారదు. ముల్లు ఉండే పాత రకం తీసుకోండి, బరువు మారుతుంటే ముల్లు కదులుతూ కనిపిస్తుంది, ఒక కిలో అటూ ఇటూ తప్పు చూపించినా మన పనికి నష్టం లేదు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఎత్తువి ఉండాలి. బండల మీద పెట్టాలి, పరుపు చాప మీద కాదు. ముందు ఒకే మనిషి రెండింటి మీదా విడివిడిగా నిలబడి రెండూ ఒకటే చూపిస్తున్నాయో లేదో చూడాలి. ఒక్కో మిషన్ మీద ఒక్కో కాలు, ముందు గట్టు, వెనక ఒక మనిషి. పెద్దవాళ్ళని ముల్లు వైపు కిందికి చూడనివ్వకండి, తల వంచితే నిలకడ చెడుతుంది, మీరు చూసి చెప్పండి. ప్లేటు చెప్పేదాంట్లో నాలుగో వంతు కూడా ఇది చెప్పదు, కానీ రోజూ చూసుకోవచ్చు.

ఆరు వారాలకి రెండో టెస్ట్. ఇక్కడ ఒక తప్పు జరిగింది, మీరందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. కుడి 32.5, ఎడమ 29.5 వచ్చింది, మేడం సంతోషంగా చెప్తోంది, నాయిన నవ్వుతున్నాడు. నేను మొదటి రోజు ఫోన్‌లో తీసిన ఫోటో తీసి చూస్తే అప్పుడు మడమల మధ్య జానెడు కూడా లేదు, ఇప్పుడు దానికి దాదాపు రెట్టింపు ఉంది. పాదాలు వెడల్పుగా పెడితే ఎవరైనా తక్కువ తూలుతారు, ఆ రెండు నంబర్లని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అడిగితే మేడం ఒప్పుకుంది, విసుక్కోలేదు, మళ్ళీ డబ్బు అడగకుండా అదే వెడల్పుతో ఇంకోసారి చేసింది. కుడి 34, ఎడమ 28. తక్కువే వచ్చింది కానీ ఇది నిజం నంబర్. ఇప్పుడు పాదాల చుట్టూ కాగితం మీద గీసి ఫైల్‌లో పెడుతున్నారు, మా ఒక్కరికే కాదు అందరికీ. ఇంకా ఒకటి, ఒక్కో పరీక్ష మూడుసార్లు చేయించి సగటు తీయమనండి. స్క్రీన్ మీది ఆట ఒకసారి ఆడాక రెండోసారి ఎవరైనా మెరుగ్గా ఆడతారు, అది కాలు బాగైనట్టు కాదు.

34, 28 అంటే దాదాపు సరిపోయినట్టే కదా అని మా తమ్ముడు ఫోన్‌లో అన్నాడు, ఇంక ఊరికి పంపించు అన్నాడు. కానీ అదే రోజు 1 సెకను పరీక్షలో చుక్క ఇంకా వంకర్లు పోతూనే ఉంది, 3 సెకన్లలో మాత్రం రెండు గీతలూ చక్కగా అందుకున్నాడు. ఈ సంగతి చెప్పడానికే నేను ఇంత రాస్తున్నా. కదలకుండా నిలబడి రెండు కాళ్ళకి సమానంగా బరువు పంచడం ఒకటి, పరుగున వచ్చిన బరువుని పట్టుకుని మళ్ళీ సమయానికి వదిలేయడం ఇంకొకటి. మామూలు నడకలో నిమిషానికి 100 అడుగులు అనుకుంటే ఒక్కో అడుగుకి దొరికేది అర సెకను పైచిలుకు. 3 సెకన్లు తీసుకునే కాలుతో బాత్‌రూమ్‌లో తిరగలేం, ఒడ్డు మీద గడ్డి జారితే ఆగలేం. కాబట్టి ఎక్కడైనా "నిలబడితే రెండు కాళ్ళ మీదా ఇంత ఇంత బరువు" అని ఒక్క కాగితం చేతిలో పెట్టి పంపిస్తే తీసుకోకండి, పక్కలకు బరువు మార్చేటప్పుడు కొలిచారా, వేగం పెంచి చూశారా అని అడగండి. మాట్లాడిస్తూ కూడా చూడమనండి. మా నాయినని బరువు మారుస్తూ తను గీసిన చెట్లు ఎవరెవరి పొలంలో ఉన్నాయో చెప్పమంటే మూడో పేరుకే కాళ్ళు ఆగిపోయాయి. ఇంట్లో కూడా అంతే, నడుస్తుండగా పిలిస్తే ఆగి జవాబు చెప్తాడు, అది మర్యాద అనుకున్నాం ఇన్నాళ్ళూ.

రిపోర్ట్ గురించి కూడా చెప్పాలి. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీష్, డైరెక్షనల్ కంట్రోల్ (అంటే చుక్క పొమ్మన్న వైపుకే ఎంత నేరుగా పోయిందన్న లెక్క) ఇంత శాతం అని రాసి వదిలేశారు, పక్కన పచ్చ రంగు, ఎర్ర రంగు. ఆ పచ్చ రంగు హద్దు ఎవరిని కొలిచి పెట్టారని అడిగితే సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందమ్మా అన్నారు. 56 ఏళ్ళ గీత కార్మికుడిని దేనితో పోలుస్తున్నారో తెలియకుండా ఎరుపు చూపించి భయపెట్టడం నాకు నచ్చలేదు. మేడం మాత్రం రంగులు వదిలేయండి, పోయినసారి కంటే ఎంత మారిందో అదొక్కటే చూడండి అంది, ఆ మాట కాగితం మీద తెలుగులో ఒక్క లైన్ రాసి ఇస్తే ఊళ్ళో మా అమ్మ కూడా చదువుకునేది. స్క్రీన్ మీద బిళ్ళ కూడా చిన్నది, శుక్లాలు ఉన్నవాళ్ళకి కనిపించదు, మా ముందు టెస్ట్ చేసిన పెద్దమ్మకి కనిపించక నంబర్లు తప్పుగా వచ్చాయి. కళ్ళద్దాలు ఉంటే తీసుకెళ్ళండి. ప్లేటుకి రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు ఉన్నాయి, వెనక ఒక మనిషి నిలబడతారు, అది బాగుంది. మధ్యలో కరెంట్ పోతే మొదటి నుంచి చేస్తారు, ఇన్వర్టర్ కంప్యూటర్‌కి లేదు.

5కి 3.5 ఇస్తాను. మెట్లు బాగుంటే 4.5.

ఎవరికి పనికొస్తుందంటే, పక్షవాతం తర్వాత ఒక కాలు మీదే నిలబడేవాళ్ళకి, తుంటి గానీ మోకాలు గానీ ఆపరేషన్ అయినవాళ్ళకి, ఏడాదిలో ఒక్కసారైనా కారణం లేకుండా పడ్డ పెద్దవాళ్ళకి, షుగర్‌తో పాదాలు తిమ్మిర్లెక్కేవాళ్ళకి. కళ్ళు తిరిగి పడేవాళ్ళు ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి, బీపీ, మందులు, చెవి అన్నీ చూశాకే ఇక్కడికి. పొద్దున పది లోపు పోతే ఓపిగ్గా చేస్తారు, సాయంత్రం రద్దీ ఎక్కువ, పేషెంట్లు కూడా అలసిపోయి ఉంటారు. లుంగీ కాకుండా ప్యాంటో నిక్కరో వేయించండి, మోకాళ్ళు కనిపించాలి. మా నాయినకి మూడో టెస్ట్ వచ్చే నెల. ఈసారి 2 సెకన్లలో ఎడమ గీత అందుకోవాలని తనే పట్టుబట్టి పొద్దున్నే లేచి గట్టు దగ్గర నిలబడుతున్నాడు, యాప్ శబ్దానికి మా పాప కూడా లేచి పక్కన నిలబడి ఊగుతోంది. పాదాలు గీసిన కాగితం ఫోటో నా ఫోన్‌లో ఉంది, అదే వెడల్పుతో నిలబెట్టమని అడుగుతా.